టిఫిన్ డబ్బ ఆంప్లిఫైరు, మా అత్తమ్మ నోరు

నాకంటె నా గొంతే ఎక్కువ ఊర్లు తిరిగింది. వనపర్తిల మేముండే గల్లి దాటి నేను బయటికి పోయేది నెలకు రెండుసార్లో మూడుసార్లో. నా గొంతు మాత్రం పొద్దుగాల వనపర్తిల ఉంటది, పగటికి గద్వాలల ఉంటది, అంగడి నాడు నాగర్‌కర్నూలుల ఉంటది. మా ఆయనకు ప్రచారం ఆటో ఉన్నది. ఆటో మీద రెండు కొమ్ము మైకులు, సీటు కింద ఒక ఆంప్లిఫైరు, దానికి ఒక పెన్‌డ్రైవు. చీరల దుకాణంల తగ్గింపు ధరలైనా, బడిల అడ్మిషన్లైనా, కండ్ల ఆపరేషన్ల క్యాంపైనా, "అక్కలారా, చెల్లెలారా, అన్నలారా" అని మొదలువెట్టే గొంతు నాదే.

రికార్డింగు చేసేది మా ఇంట్లనే, బొంతలు పెట్టుకునే చిన్న అర్రల. గోడలకు తాళ్ళు కట్టి బొంతలు ఆరేసినం. గొంతు గుంయిమనకుంట ఉంటదని మా ఆయన ఎక్కడనో చూసి వచ్చిండు. ఆ అర్రకు తలుపు లేదు. పాత చీరె ఒకటి పరదా లెక్క ఏలాడేసినం. పరదాకు ఇవతల, గడప మీద, మా అత్తమ్మ కూసుంటది. ఇంట్ల గాలి తగిలేది ఆ ఒక్క జాగలనే. పుంటికూర తెంపినా, బియ్యంల రాళ్ళు ఏరినా, ఊకెనే కూసున్నా ఆ గడపనే. నేను లోపల సదువుతుంట, ఆమె బయట ఆమె పని చేసుకుంటుంటది. ఏండ్ల సంది ఇట్లనే నడుస్తుండె. మాకు ఏ ఇబ్బంది కనపడలేదు.

మా తమ్ముడు హైదరాబాదుల ఒక డబ్బింగు స్టూడియోల పని చేసేటోడు. ఆ స్టూడియో మూసేసిన్రు. సామాను అంతా ఎవరికి తోచింది వాళ్ళు తీస్కపోతుంటె వీడు ఒక హెడ్‌ఫోను తెచ్చి నా చేతుల పెట్టిండు.

"అక్కా, ఇన్నేండ్ల సంది మాట్లాడుతున్నవు. నీ మాట నువ్వు ఎన్నడన్న ఇన్నవా?"

"రోజూ ఇంటున్న గదరా. ఆటో గల్లిలకెళ్ళే పోతది."

"అది ఇనుడు గాదక్కా. ఇది పెట్టుకోని ఇను, అప్పుడు తెలుస్తది."

అది చూడనీకి మంచిగుండె. రెండు చాయ సాసర్లు అంత పెద్దగ, లోపల మకమలు మెత్తలు, పాత లాండ్‌లైను ఫోనుకు ఉండేటట్టు చుట్లు చుట్లు వైరు. చివరకు చిటికెన వేలంత లావు పిన్ను. ఆ పిన్ను పట్టే బొక్క మా ఇంట్ల ఏ వస్తువుకూ లేదు. మొబైల్ దుకాణంల ఒక చిన్న ముక్క కొనుక్కొచ్చి ఫోనుకు తగిలిచ్చిన. సౌండు ఫుల్లు పెట్టిన. నా గొంతు ఎట్ల ఇనొచ్చిందంటె, బాయిల వడ్డ చీమ సాయం అడుగుతున్నట్టు ఇనొచ్చింది.

మా ఆయన నవ్విండు. "మూడు ఊర్లకు ఇనొచ్చే ఆంప్లిఫైరు ఆటోల వెట్టుకోని, రెండు చెవులకు ఇనరాలేదంటె ఎట్ల?" అని వైర్లు కోసి, తొక్క తీసి, కొమ్ము మైకు తగిలిచ్చే కాడ హెడ్‌ఫోను తగిలిచ్చిండు.

అంతవరకు బాగనే ఉన్నది. చెవులకు ఎవరు పెట్టుకోవాలె?

"నువ్వు పెట్టుకో, నీ తమ్ముడు ఇచ్చిండు గద," అన్నడు.

"వైరు కలిపింది నువ్వు. నువ్వే పెట్టుకో."

ఇద్దరం కొంచెంసేపు ఒకరి చెవులు ఒకరం చూసుకున్నం. ఆఖరికి వాకిట్ల స్టీలు బిందె బోర్లిచ్చి, దానికి రెండు పక్కల హెడ్‌ఫోను తొడిగినం. బిందెకు సరిగ్గ పట్టింది. మా ఆయన నాబు ఒక్క గీత తిప్పిండు.

"అక్కలారా! చెల్లెలారా! గద్వాల చీరల అభిమానులారా!" అని బిందె ఒర్రింది.

అప్పుడే మా అత్తమ్మ బయటికెళ్ళి వచ్చింది. వాకిట్ల ఆగింది. బిందె దిక్కు చూసింది, మా దిక్కు చూసింది. భయపడతదనుకున్న. భయపడలేదు.

"ఇంట్ల మాట్లాడింది సాలదా, బిందెలల్ల గూడ సొచ్చిందా," అని లోపలికి పోయింది. వారం దాంక ఆ బిందెల నీళ్ళు తాగలేదు.

మా తమ్మునికి ఫోను చేసి జరిగింది చెప్తె వాడు నోరు నొచ్చేటట్టు ఒర్రిండు. "కాల్చేస్తరు దాన్ని! కొమ్ము మైకుల ఆంప్లిఫైరుకు తగిలిస్తరా ఎవరన్నా? హెడ్‌ఫోనుకు తగ్గ ఆంప్లిఫైరు ఏరే ఉంటది. రెండిటికీ జత కుదరాలె."

"ఎక్కడ దొరుకుతది?"

"హైదరాబాదుల."

మా ఆయనకు పౌరుషం వచ్చింది. "గద్వాలల లేంది హైదరాబాదుల ఏమున్నది," అన్నడు. ఆయన కొమ్ము మైకులు పాడైనప్పుడల్లా గద్వాల కోట దిక్కు ఒక ఇరుకు దుకాణంల ఒక పెద్దాయన బాగుచేసేటోడు. రేడియోల కాలం నుంచి ఉన్నడు. ఇద్దరం ఆటోల పోయినం.

ఆ దుకాణంల ఒక్క మనిషి కూసుంటె ఇంకో మనిషి నిలవడాలె. పెద్దాయన కూసున్నడు, నేను నిలవడ్డ, మా ఆయన రోడ్డు మీద ఉండిపోయిండు. పెద్దాయన హెడ్‌ఫోను చేతులకు తీసుకోని, కండ్లద్దాలు నెత్తికి ఎక్కిచ్చి, దాని మీద చిన్నగ రాసింది సదివిండు.

"రెండు వందల యాభై ఓముల అడ్డు. మొండిదమ్మా ఇది. మీకు వ్యవసాయం ఉన్నదా?"

"మా తల్లిగారికి ఉండె."

"బోరు లోతుకు పోయినకొద్ది ఏం గావాలె? నీళ్ళు ఎక్కువ గావాల్నా, ఎత్తే శక్తి గావాల్నా?"

"ఎత్తే శక్తి."

"ఇది లోతు బోరు. నీ ఫోను బకెటు తాడు అసొంటిది. అడుగు దాంక పోదు. నీ మొగుని ఆంప్లిఫైరు కాలువ తూము అసొంటిది. తెరిస్తె బోరే కొట్కపోతది. ఇంకో గీత తిప్పుంటె దీని పానం పోతుండె."

రోడ్డు మీదున్న మా ఆయన ఆ మాట ఇని అటు దిక్కు తిరిగిండు.

పెద్దాయన బల్ల కిందికెళ్ళి ఒక డబ్బ తీసి తగిలిచ్చి నా చెవులకు పెట్టిండు. పాట లేదు, మాట లేదు, ఊకెనే ఆన్ చేసిండు. సుయ్‌మని మిర్చీలు ఏగుతున్నట్టు సప్పుడు.

"బండి మీద మిర్చీలు ఏస్తున్నట్టున్నది," అంటి.

"తీసెయ్యి. ఏం వెట్టకముందే మాట్లాడేది మనకొద్దు."

రెండోది పెట్టిండు. ఇది సుయ్‌మనలేదు. ఫోనుల నుంచి నా ప్రకటన ఏసిండు. గొంతు పెద్దగనే వచ్చింది గని, నేను జలుబు చేసి గాబుల తలకాయ పెట్టి మాట్లాడుతున్నట్టు లావుగ, బొంగురుగ ఇనొచ్చింది.

"దీని మూతి కాడనే అడ్డు ఎక్కువున్నది," అన్నడు. "ఆంప్లిఫైరు అడ్డు తక్కువుండాలె, హెడ్‌ఫోను అడ్డు ఎక్కువుండాలె. ఎనిమిదింతల తేడా అన్న ఉంటె మాట మాట లెక్క వస్తది. లేకుంటె గిట్ల బలిసి వస్తది."

అప్పుడు ఆయన కూసున్న కాడి నుంచి లేచి, ఎనక అల్మారల నుంచి ఒక టిఫిన్ డబ్బ తీసిండు. మూడు గిన్నెల స్టీలు డబ్బ. అన్నం తినే యాల్ల అయిందేమో అనుకోని నేను బయటికి పోబోయిన.

"ఏడికి పోతున్నవు బిడ్డా? కూసో."

కూసోవెట్టనీకి ఆయన నిలవడ్డడు. కింది గిన్నెల బ్యాటరీలు. నడిమి గిన్నెల తీగెలు, చిన్న చిన్న ముక్కలు. గిన్నె పక్కకు బొక్క కొట్టి నాబు, ఇంకో బొక్కకు లావు పిన్ను పట్టే మూతి.

"పై గిన్నెల ఏమున్నది?" అని అడిగిన.

"ఏం లేదు. వైరు పెట్టుకునేటందుకు."

హెడ్‌ఫోను పెట్టుకున్న. ఎదురు చూసిన. పెద్దాయన ఎవరిదో రేడియో విప్పుకుంట నిలవడ్డడు. నేను చాల సేపు చూసి, "ఇంక ఆన్ చెయ్యి పెద్దయ్యా," అంటి.

"ఏమినొస్తుంది?"

"ఏం ఇనొస్తలేదు."

"ఆన్ చేసి పావుగంటయింది. గదీ ఆంప్లిఫైరంటె."

అప్పుడు నా గద్వాల చీరల ప్రకటన ఏసిండు. రెండేండ్ల కింద రికార్డు చేసింది. ఇప్పటికీ రోజూ తిరుగుతున్నదే. నాబు మెల్లగ తిప్పిండు.

ఏమని చెప్పాలె. నేను అర్రల నిలవడ్డట్టే ఉన్నది. నేను ఊపిరి తీసుకున్నది ఇనొచ్చింది. కాయితం తిప్పింది ఇనొచ్చింది. గోడ మీద బల్లి టిక్ టిక్ అన్నది ఎడమ చెవికెళ్ళి ఇనొచ్చింది. వంటింట్ల కుక్కరు మూడు కూతలు కూసింది. నా గొంతు ఇంత తేటగ ఉంటదని నాకు తెల్వదు. కండ్లు మూసుకోని ఇంటున్న.

"నాణ్యమైన గద్వాల చీరలు, రంగుకు గ్యారంటీ, జరీకి గ్యారంటీ," అంటున్న నేను.

దాని ఎనక, కుడి దిక్కు నుంచి, ఇంకో గొంతు అన్నది: "ఆఁ, గ్యారంటీ. మొన్న తెచ్చింది ఒక్క ఉతుక్కే బకెటంత ఎర్రగయింది."

కండ్లు తెరిచిన.

"ఒక్కసారి కొన్నరంటె జీవితాంతం మర్చిపోరు!" అన్న నేను.

"ఎట్ల మర్చిపోతం. నా తెల్ల లంగ గూడ ఎర్రగాయె," అన్నది మా అత్తమ్మ.

హెడ్‌ఫోను తీసి చేతుల పట్టుకోని కూసున్న. పెద్దాయన, "ఏం బిడ్డా, జత కుదరలేదా?" అని అడిగిండు.

"కుదిరింది పెద్దయ్యా. బగ్గ కుదిరింది."

ఆ టిఫిన్ డబ్బ మాకే ఇచ్చిండు. ఆయనకు కుడి చెవి సరిగ్గ ఇనొస్తలేదంట. ఒక్క చెవితోని దాన్ని వాడుడు దానికి మర్యాద గాదన్నడు.

ఇంటికొచ్చి మిగిలిన ప్రకటనలన్నీ ఒకటెనక ఒకటి ఇన్న. మధ్యాహ్నమంత పట్టింది. మా అత్తమ్మ ఏ ఒక్కదాన్నీ ఇడిసిపెట్టలేదు. నాగర్‌కర్నూలుల బడి ప్రకటనల నేను "ప్రతి విద్యార్థి మీద ప్రత్యేక శ్రద్ధ" అంటె, ఆమె "ముందు నీ కొడుకు మీద పెట్టు, చెడ్డి లేకుంట తిరుగుతుండు" అన్నది. బిజినేపల్లి కండ్ల క్యాంపుకు చెప్పినప్పుడు నేను "నొప్పి ఉండదు, కుట్లు ఉండవు" అంటె, "నీకెట్ల తెల్సు?" అన్నది. రేపు పొద్దున కరెంటు ఉండదని చెప్పే ప్రకటనల, "అయితె పప్పు ఇప్పుడే రుబ్బుకోవాలె" అని లేచిపోయిన సప్పుడు, ఆ ఎనకనే మిక్సీ సప్పుడు. వడ్డేపల్లి ఎరువుల దుకాణం ప్రకటనల మాత్రం ఏం అనలేదు. ఊకెనే దగ్గింది. ఆ దగ్గు అన్ని మాటల కంటె అన్యాయంగ ఉండె.

మా ఆయనకు ఇనిపిచ్చిన. ఆయన కండ్లల్ల నీళ్ళు వచ్చేదాంక నవ్విండు. ఆనక అన్నడు, "కొమ్ము మైకుల ఇది ఎవ్వరికి ఇనరాదు. దాన్ల నీ మాటనే సగం ఇనరాదు. మర్చిపో."

మర్చిపోదామనే చూసిన. గని ఒక్కసారి ఇన్న చెవి మల్ల ఇనకుంట ఉండదు. ఆటో గల్లిలకెళ్ళి పోతుంటె, కొమ్ము మైకుల నుంచి, మొత్తుకునే నా గొంతు ఎనక నాకు సాఫ్‌గ ఇనొచ్చేది: బకెటంత ఎర్రగయింది. కూరగాయల కాడ నిలవడితె ఆటో వచ్చేది. నేను కొంగు నెత్తి మీదికి గుంజుకునేది. పక్కకున్న ఆడామెను ఒకనాడు అడిగిన గూడ, "అక్కా, ఆ మైకుల నీకేమినొస్తుంది?"

"చీరలు," అన్నది.

"అంతేనా?"

"ఇంకేమున్నది?"

మా అత్తమ్మను గూడ అడిగిన. "అత్తమ్మా, నేను సదివేటప్పుడు నువ్వు మాట్లాడుతవా?"

"నేనా? నాకేం పని. నేను నోరు తెరవ."

హెడ్‌ఫోను చూపిచ్చి, "ఇను మరి," అంటి. "నా చెవులకు ఏం రోగం లేదు. నీ తలకాయకు పెట్టుకున్నది నా తలకాయకు పెడుతవా," అని లేచిపోయింది.

పది దినాలు ఓర్సుకున్న. ఆనక గద్వాల సేటుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నిర్ణయం చేసుకున్న. మా ఆయన నెత్తి కొట్టుకున్నడు. "ఎవరికీ తెల్వని తప్పును బస్సు ఎక్కి పోయి చెప్తవా?" అన్నడు. నాకు మాత్రం మనసు ఒప్పుతలేదు. బయట నేను గ్యారంటీ అంటుంటె, నా ఇంట్లనే ఒకరు కాదంటుంటె, ఆ రెండూ కలిపి సేటు దుకాణం పేరు మీద ఊరంత తిరుగుతుంటె ఎట్ల?

టిఫిన్ డబ్బ ఒళ్ళె పెట్టుకోని బస్సుల కూసున్న. పక్కకు కూసున్న పెద్దామె పెబ్బేరు దాంక ఓపిక వట్టింది. ఆనక అడిగింది, "ఏం కూర బిడ్డా?"

"కూర గాదు. ఆంప్లిఫైరు."

"అది గూడ మంచిదే. జీర్ణమైతది," అన్నది.

చీరల దుకాణంల గిరాకి బాగనే ఉండె. తెల్ల పరుపుల మీద చీరలు పరిచి ఉన్నయి. నాలుగైదు ఇండ్లోళ్ళు పెండ్లి సామానుకు వచ్చి కూసున్నరు. సేటు నన్ను చూసి, "రా చెల్లె, రా. నీ గొంతు తోనే నడుస్తుంది దుకాణం," అన్నడు. ఆ మాట ఇని నాకు ఇంక సిగ్గయింది.

"సేటూ, ఒక ముచ్చట చెప్పాలె. మీ ప్రకటనల ఒక మాట ఎక్కువ వడ్డది."

"ఏం మాట?"

నోటితోని చెప్పలేకపోయిన. డబ్బ తీసి, ఆయన చెవులకు హెడ్‌ఫోను తొడిగి, ఫోను తగిలిచ్చి ఏసిన. సేటు మొదలు మురిసిండు. కండ్లు మూసిండు. తలకాయ ఊపిండు. హెడ్‌ఫోను పెట్టుకున్న మనిషికి ఆయన గొంతు ఆయనకు ఇనరాదన్న సంగతి నాకు అప్పుడు యాదికి రాలేదు.

"అబ్బ, ఎంత సాఫ్‌గ ఉన్నది!" అని ఒర్రిండు.

దుకాణంల అందరు తిరిగి చూసిన్రు.

"బల్లి! బల్లి ఇనొస్తుంది!"

నేను చేయి ఊపిన, మెల్లగ అని. ఆయన చూస్తలేడు.

"గ్యారంటీ... ఏందీ? ఒక్క ఉతుక్కే బకెటంత ఎర్రగయిందా?"

పరుపు మీద కూసున్న ఒక ఆడామె చేతుల ఎర్ర చీరె ఉండె. మెల్లగ కింద పెట్టింది.

"తెల్ల లంగ గూడ ఎర్రగాయెనా? ఎవరిది లంగ? మన దుకాణం చీరెనా అది?"

పెండ్లి సామానుకు వచ్చిన ఇంటోళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. నేను పోయి ఆయన చెవుల మీది నుంచి హెడ్‌ఫోను గుంజిన. గుంజంగనే ఆయన సన్నగ, గుసగుసగ అడిగిండు, "చెల్లె, ఇది ఎవరికన్న ఇనొచ్చిందా?"

"మైకుల ఎవరికీ ఇనరాలేదు సేటూ," అంటి. "ఇప్పుడే ఇనొచ్చింది."

తిడతడనుకున్న. ఆయన గల్ల పెట్టె మీద ఏలితోని కొట్టిండు. "ఆమె ఎవరు?" అని అడిగిండు.

"మా అత్తమ్మ. గద్వాల దగ్గరి మగ్గాలోళ్ళ బిడ్డ. చిన్నప్పుడు నూలు కండెలు చుట్టింది."

"రేపు తీస్కరా."

మా అత్తమ్మకు సంగతి చెప్పలేదు. గద్వాల సేటు పిలిచిండని చెప్తె, చీరె పెడతడనుకోని మంచి చీరె కట్టుకోని వచ్చింది. సేటు ఆమెను పరుపు మీద కూసోవెట్టి, చాయ తెప్పిచ్చి, "పెద్దమ్మా, మా చీరలు జర చూడు," అన్నడు. ఆమె ముందల పదిహేను చీరలు ఏసిండు.

ఆమె చాయ పూర్తిగ తాగింది. బొటనవేలు నాలికకు తడిచేసుకోని, చీరె అంచు ఎనక దిక్కు రుద్దింది. వేలు చూసుకున్నది. "ఇది పోతది," అని ఎడమకు పెట్టింది. ఇంకోటి రుద్దింది. "ఇది పోదు." కుడికి పెట్టింది. పోతది. పోతది. పోదు. గిరాకికి వచ్చిన ఆడోళ్ళు ఒక్కొక్కరే వాళ్ళు చూసుకుంటున్నవి ఇడిసి, ఈమె చుట్టు చేరిన్రు. చేతుల చీరలు పట్టుకోని, "అమ్మా, ఇది చూడవా, ఇది చూడవా," అని లైను కట్టిన్రు.

సేటు పరేషానయ్యి ఎనక అర్రల బకెటు నీళ్ళు పెట్టిచ్చి, ఎడమ దిక్కువి ఒక్కొక్కటి కొస ముంచి చూసిండు. ఒక్కటి తప్ప అన్ని రంగు పోయినయి. ఆ ఒక్కటి గురించి మా అత్తమ్మ ఇప్పటికీ, "ఆయన సరిగ్గ ముంచలేదు," అంటది.

ఎడమ దిక్కు చీరలన్నీ ఎక్కడి నుంచి తెచ్చిండో అక్కడికే వాపసు పంపిచ్చిండు సేటు. నాతోని అన్నడు, "చెల్లె, కొత్త ప్రకటన చెయ్యాలె. ఈసారి ముసలామె గొంతు ఎనక గాదు, ముందల ఉండాలె."

మా అత్తమ్మకు అప్పుడు అసలు సంగతి చెప్పిన. అంత మందిల పేరు వచ్చినంక ఆమె కాదనలేదు. "అన్న అనుకో. అబద్దమా?" అన్నది.

ఆమెను బొంతల అర్రల మైకు ముందల కూసోవెట్టినం. మా ఆయన, "అమ్మా, నీ ఇష్టమొచ్చింది అను," అన్నడు. ఇన్నేండ్లు ఎనక నుంచి ఒక్క ప్రకటన ఇడిసిపెట్టని మనిషి, మైకు ముందల కూసుంటె నోట్ల మాట రాలేదు. మైకు దిక్కు చూస్తది, మింగుతది. నీళ్ళు తాగుతది. మల్ల చూస్తది. నేను రాసిచ్చిన. సదువు రాదు. చెప్పి అనిపిచ్చిన. "నాణ్యమైన," అన్నది, ఆగింది. "ఇది నా మాట గాదు, నాకు రాదు," అన్నది. మూడు దినాలు గిట్లనే. మూడో దినం ఆమెకు జరం గూడ వచ్చింది.

మా ఆయన ఇంక వద్దన్నడు. నేను మాత్రం హెడ్‌ఫోను టిఫిన్ డబ్బకు తగిలిచ్చి, మైకును పరదా దిక్కు కొంచెం జరిపి, ఒక మధ్యాహ్నం ఏం చెప్పకుంట పనికి కూసున్న. ఆమె గడప మీద వక్కలు కత్తిరిస్తుంది. కత్తెర సప్పుడు చెవుల సాఫ్‌గ ఇనొస్తుంది. ఆమె ఊపిరి గూడ ఇనొస్తుంది. నేను మొదలువెట్టిన.

"అక్కలారా, చెల్లెలారా! మా దుకాణం చీరలు పది ఉతుకులైనా రంగు పోవు!"

కత్తెర ఆగలేదు. ఏం అనలేదు.

"యాభై ఉతుకులైనా రంగు పోవు!"

కత్తెర ఆగింది. ఊపిరి ఒకసారి గట్టిగ పోయింది. అయినా అనలేదు.

"వెయ్యి ఉతుకులైనా రంగు పోవు!"

"ఏందే ఆ ఒర్రుడు! వెయ్యి ఎవరు లెక్కవెట్టిన్రు? పది అను! పది అంటె నమ్ముతరు!"

ఆ ప్రకటననే సేటు ఏసిండు. ఇప్పుడు గద్వాలల ఆటో పోతుంటె, నేను "వెయ్యి ఉతుకులైనా" అనంగనే, చాయ హోటళ్ళ కాడ కూసున్నోళ్ళు మైకు కంటె ముందే, "పది అను!" అని ఒర్రుతరు. మా ఆయన చెప్తుంటె నేను నమ్మలేదు. ఒకనాడు ఆటోల కూసోని పోయి నా చెవులతోనే ఇన్న. ఒకామె ఇంట్ల నుంచి బయటికి వచ్చి మరీ అన్నది.

ఇంత జరిగినా మా అత్తమ్మ మాత్రం ఆ ప్రకటన సక్కగ ఇనలేదు. మైకుల సప్పుడు తప్ప ఏం తెలుస్తలేదనేది. పోయిన నెల ఒకనాడు ఆమే వచ్చి, "ఆ తలకాయ డబ్బ ఏది, పెట్టు చూద్దాం," అన్నది.

హెడ్‌ఫోనుకు అడ్డమొస్తదని కొప్పు పక్కకు జరిపి తొడిగిన. రెండు చేతులతోని పట్టుకోని కూసున్నది. నాబు తిప్పిన. నా గొంతు వచ్చినంతసేపు మొకంల ఏం లేదు. "ఏందే ఆ ఒర్రుడు" అన్న మాట వచ్చినప్పుడు ఉలిక్కి పడ్డది. గుమ్మం దిక్కు తిరిగి చూసింది, ఎవరో వచ్చినట్టు.

"ఇది నా గొంతు గాదు," అన్నది.

"నీదే అత్తమ్మా. నీ గొంతు నీకు బయటి నుంచి ఇంటె ఏరేగ ఉంటది. నాకు గూడ అట్లనే అనిపిచ్చింది."

"గాదు. ఇది మా అత్తది."

ఆమె అత్తను నేను చూడలేదు. నేను ఈ ఇంటికి రాకముందే పోయింది. ఆమె గురించి ఇంట్ల ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మాట్లాడినా గొంతు తగ్గిచ్చి మాట్లాడుతరు. నేను ఫోను బందు చెయ్యబోయిన. మా అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"మల్ల పెట్టు," అన్నది.

మల్ల పెట్టిన. ఈసారి కండ్లు మూసుకోని ఇన్నది. పది అను, పది అంటె నమ్ముతరు. పెదవులు మెల్లగ కదులుతున్నయి. అయిపోయినంక, హెడ్‌ఫోను తియ్యకుంటనే, ఇల్లంత ఇనొచ్చేటట్టు ఒర్రి చెప్పింది:

"జర సప్పుడు తగ్గియ్యి బిడ్డా. ఆమె గట్టిగ అంటె నాకు ఇప్పటికీ భయమే."